ప్లగ్గు బిగించినవా?

చెరువు ఒడ్డున రిసార్టు నడిపే రత్నాకర్ తాను కొన్న పాత జెట్‌స్కీ, అంటే నీళ్ల మీద నడిపే బండి, పొగ చిమ్ముతోందని, లాగడం లేదని నన్ను పిలిచాడు. నేను ఆటో మెకానిక్‌ని. ఇబ్రహీంపట్నం చెరువు పక్కనే పెరిగినా ఈత రాదు.

"ఇనాయత్ అన్నా, అమ్మినోడు ఫోన్ల ఉన్నడు. ప్లగ్గు బిగించినవా అని అడుగుతున్నడు," అన్నాడు రత్నాకర్.

"ఇంజన్‌కు కొత్త ప్లగ్గే ఏసిన. నాకే నేర్పుతడా?" అని కసురుకుని, జెట్‌స్కీని నీళ్లలోకి ఉరికించాను.

చెరువు నడుమకు రాగానే తెల్లపొగ కమ్మింది. వేగం చచ్చిపోయి, వెనకభాగం కుంగసాగింది. పక్కకు జరిగి సీటెత్తాను. ఇంజను సగం దాకా నీళ్లలో ఉంది.

ఒడ్డున రత్నాకర్ నల్లటి బిరడా ఊపుతూ అరుస్తున్నాడు.

"అన్నా, ప్లగ్గంటే గిదంట! అడుగున బొక్కకు పెట్టేది!"