ఈల వేయవలసిన గడియ

శ్రావణమేఘములు పశ్చిమదిగ్భాగమునఁ గ్రమ్ముకొని సన్నని తుంపరలు రాల్చుచుండ, పందెపు మైదానమందలి పచ్చిక గుఱ్ఱపుగిట్టల తాఁకిడికి నలిగి మృద్గంధమును వెదచల్లుచుండఁగా, జయజయధ్వానములతో మాఱుమ్రోగుచున్న జనసమూహమును దాఁటించి గుఱ్ఱపువాండ్రు స్వేదజలార్ద్రదేహయై యున్న నీలాంబరి యను నాఁడుగుఱ్ఱమును బరీక్షాశాలకుఁ దోడ్కొనివచ్చిరి. నాఁటి పందెమును గెలిచినది యదియే.

ఆ శాలలో గుర్నాథము చేయు పని యొక్కటియే, ఈల వేయుట. పిల్లనాఁటనుండి మూత్రము విడుచువేళ ఈల విని యలవాటుపడిన గుఱ్ఱములు ఆ దీర్ఘస్వనము చెవిసోఁకినంతనే మూత్రము విడుచును. దానిని సీసాలకుఁ బట్టి ముద్రవేసి నిషిద్ధమైన మందుల జాడకై పరీక్షింతురు. గెలిచిన గుఱ్ఱపు శిక్షకుఁడు దగ్గఱనుండి యంతయుఁ గన్నులారఁ జూచి వ్రాలు చేయవలయును. నాఁటి శిక్షకుఁడు గుర్నాథమునకు స్వయానఁ దమ్ముఁడు చెన్నకేశవులు. తల్లి పోయిన పిదప అన్న చేతి ముద్దలు తిని పెరిగి, నాఁటికిని ఆ యన్న యింటనే యుండువాఁడు.

వైద్యుఁడు లోపలి గదిలో సీసాలు సరిచూచుచుండఁగా తమ్ముఁడు చెవి చేరెను. "అన్నా, దీని ముంగాలి నరము వాచినది. నొప్పి తెలియకుండ సూది వేయించితిని. గంటసేపు మూత్రము విడువకున్న నెత్తురు మాత్రమే తీసి పంపుదురు; అందు నా మందు కనఁబడదు. నీవు ఈల తప్పుగా వేయుము, చాలును. పట్టుపడితినా, నా బ్రదుకు బుగ్గిపాలగును."

"మరల నెప్పుడు పరుగెత్తింతువు?"

"వచ్చు ఆదివారమున. యజమాని ఆగనీయఁడు, నేనేమి చేయుదును?"

నొప్పి తెలియని కాలితోఁ బరుగెత్తిన గుఱ్ఱము మలుపునొద్ద ఎముక విఱిగి కూలుటయు, తెరచాటునఁ దుపాకిగుండే దానికి వైద్యమగుటయు గుర్నాథము మున్ను రెండుమార్లు కన్నవాఁడు. మందు బయటపడినచో నీలాంబరిని పందెములనుండి యాపుదురు, అది బ్రదుకును. అట్లని తమ్ముని నోటికాడి కూడు తీయుటకును మనసొప్పక, ఈల వేయక చాలసేపు నీలాంబరి మెడ నిమురుచుండెను.

"గంట నిండుటకు ఇంక నైదు నిమిషములే" యని వైద్యుఁడు హెచ్చరించెను.

గుర్నాథము కన్నులు మూసికొని, యెన్నఁడును వేయనంత చక్కగా ఈల వేసెను.

రెండు సీసాలు నిండెను. లక్కముద్రలు పడెను. "అంతయు నా కన్నుల యెదుటనే జరిగినది" అను వాక్యము క్రింద చెన్నకేశవులు వ్రాలు చేసెను.

"కేశవా, దానికి నోరు లేదురా!"

"నేఁటినుండి నాకు అన్న లేఁడు" అని తమ్ముఁడు వెనుదిరిగి చూడక వెడలిపోయెను.

తాను చేసినది ఒప్పేయని యెఱిఁగియు, ఒప్పు చేసినవానికిఁ గలుగవలసిన యూఱట యావంతయుఁ గానక, ఆ తమ్ముఁడున్న యింటికే ఏ మొగముతోఁ బోవుదునో తోఁపక, గుర్నాథము నీలాంబరి ప్రక్కనే నిలిచిపోయెను.