పన్నెండేళ్ళ బోర్డు

మా కాలనీ పార్కులో ఉయ్యాల పక్కనున్న బోర్డు నేను పెట్టించిందే. ‘పన్నెండేళ్ళు దాటినవారు ఉయ్యాల ఎక్కరాదు’ అని హిందీలోనూ ఇంగ్లీషులోనూ రాయించి, కింద ‘కార్యదర్శి’ అని వేయించాను. కాలనీ సంఘం కార్యదర్శిని నేనే. అంతకు ముందు ఏడాది గడ్డాలొచ్చిన కాలేజీ కుర్రాళ్ళు ముగ్గురు ఒక్కసారే ఎక్కి గొలుసు తెంపారు. కొత్త గొలుసు కోసం నాలుగు నెలలు అర్జీలు రాశాను. ఢిల్లీ ఆర్.కె.పురం సర్కారు క్వార్టర్లలో ఒక గొలుసు సాధించడమంటే ఏమిటో అక్కడ కాపురమున్నవాళ్ళకే తెలుస్తుంది.

ఆఫీసులో కూడా నాది రూల్సు చూసే సీటే. ‘ఇంద్రాణి గారి టేబుల్ దాటిన ఫైలుని యముడు కూడా ఆపలేడు’ అని మా సెక్షన్లో అంటారు. దాన్ని పొగడ్తగానే తీసుకుంటూ వచ్చాను, 2006 అక్టోబరు దాకా.

ఎండ తగ్గి, చలి ఇంకా మొదలుకాని రోజులు. సప్తపర్ణి చెట్లు పూసి వీధులన్నీ ఘాటుగా ఉన్నాయి. ఆఫీసు బస్సు దిగి పార్కు కంచె పక్కనుంచి ఇంటికి వస్తుంటే నా గొంతు వినబడింది. నేను నోరు విప్పలేదు, అయినా వినబడింది.

“కౌన్ హై ఉధర్? ఉమర్ క్యా హై తేరీ? బోర్డ్ పఢ్‌నా నహీ ఆతా?”

ఎవరక్కడ, నీ వయసెంత, బోర్డు చదవడం రాదా అని రోజూ నేను గద్దించే మాటలే అవి. కంచె సందులోంచి చూశాను. ఉయ్యాల చుట్టూ పదిమంది పిల్లలు. ఒక పిల్ల భుజానికి పాత హ్యాండ్‌బ్యాగు తగిలించుకుని, లేని కళ్ళజోడుని ముక్కు మీదికి జార్చి, మెడ ముందుకు చాచి నడిచి వస్తోంది. మిగతావాళ్ళు “ఇంద్రాణి ఆంటీ ఆ గయీ!” అని కేకలేస్తూ చెట్ల చాటుకి పరుగు తీస్తున్నారు. చేతికి చిక్కినవాళ్ళు తర్వాతి ఆంటీ కావాలి. అదీ ఆట. ఆ బ్యాగు జిప్పు పోయిందని నేను అటకెక్కించినది. ఆ పిల్ల నా కూతురు సహస్ర.

ఎంత బాగా చేసిందంటే, ఇంకెవరినైనా అనుకరించి ఉంటే చప్పట్లు కొట్టేదాన్ని. నేను మాట మాటకీ వాచీ చూసుకుంటానన్న సంగతి నాకే తెలియదు. దాన్ని చూశాక తెలిసింది. ముందు కోపమొచ్చింది, తర్వాత సిగ్గేసింది, ఆ రెండూ అయ్యాక ఏడుపొచ్చింది. చుట్టూ తిరిగి వెనక గేటులోంచి ఇంటికి పోయాను.

అన్నాల దగ్గర అడిగాను. “సాయంత్రం ఏం ఆడారే?”

“కుచ్ నహీ మమ్మీ. ఊరికే, పట్టుకునే ఆట.”

“నేనూ నీ వయసులో తెగ ఆడేదాన్ని.”

ముద్ద ఆపి నా వైపు చూసింది. ఆ చూపులో వెటకారం ఉంటే తిట్టేసేదాన్ని. లేదు. నిజంగానే నమ్మకం కుదరలేదు పిల్లకి. “సచ్? నువ్వా?”

మా ఆయన మనోహర్ మజ్జిగ పోసుకుంటూ, “మీ అమ్మ కళ్ళజోడు పెట్టుకునే పుట్టిందే,” అన్నారు. సహస్ర పకపకా నవ్వింది. నేనూ నవ్వాలనే చూశాను, రాలేదు.

కంచాలు తీస్తుంటే మెల్లిగా పక్కకొచ్చి నిలబడింది. “మమ్మీ, నవంబర్లో నాకు ట్వెల్వ్ అయిపోతాయి కదా. తర్వాత ఉయ్యాల ఎక్కితే నన్ను కూడా దింపేస్తావా?”

‘రూలు రూలే’ అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. దింపేస్తానని దానికీ తెలుసు, నాకూ తెలుసు. నా దిగులు ఆ బోర్డు గురించి కాదు. రేపు ఈ పిల్ల పెద్దదయ్యాక అమ్మ అనగానే దానికి గుర్తొచ్చేది ఆ హ్యాండ్‌బ్యాగూ ఆ గద్దింపూ మాత్రమేనేమో అని. అప్పటికి దిద్దుకుందామన్నా ఆట అయిపోయి ఉంటుంది.

పాలవాడి లెక్క రాసుకోవడానికని వంటింట్లో తెలుగు క్యాలెండరు ముందుకి వెళ్ళాను. సోమవారం గడిలో చిన్న అక్షరాలతో ‘అట్లతద్ది’ అని ఉంది. పద్దెనిమిదేళ్ళుగా ఢిల్లీలో ప్రతి ఏడూ ఆ గడి మీద పాలే రాసుకున్నాను.

మా నరసాపురంలో అట్లతద్ది అంటే ఆడపిల్లలదే రాజ్యం. ముందురోజు గోరింటాకు. తెల్లారుజామున చుక్కలుండగానే లేచి, గోంగూర పచ్చడి, ఉల్లిపాయ పులుసు, గడ్డపెరుగుతో కడుపు పగిలేలా అన్నం తినాలి. మళ్ళీ రాత్రి చందమామని చూసి, గౌరమ్మకి అట్లు పెట్టేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టకూడదు. మధ్యలో చెయ్యాల్సిన పని ఒక్కటే, ఆడుకోవడం. ఉయ్యాల ఊగకపోతే నోము నోచినట్టే కాదు. తొమ్మిదేళ్ళప్పుడు నేను ఇత్తడి పళ్ళెం మీద గరిటెతో బాదుతూ వీధి వీధంతా లేపాను. మా హెడ్మాస్టరు గారి కిటికీ కింద ఇంకో నాలుగు దెబ్బలు ఎక్కువేశాను. ఏడాదంతా ఆయన మా చెవులు మెలేసినందుకు. ఆ ఒక్క పూట ఎవరూ ఏమీ అనకూడదు. పిల్లలకున్న హక్కు అది.

పళ్ళెం బాదిన ఆ పిల్ల ఎటు పోయిందో నాకే అంతుపట్టలేదు.

ఆదివారం సాయంత్రం గోరింటాకు కోసం మార్కెట్టుకి బయల్దేరి, పార్కు కంచె దగ్గర ఆగిపోయాను. చేత్తో ఆకు నలిపి వాసన చూశాను. కంచె మొత్తం గోరింటే! ఎనిమిదేళ్ళుగా దాని పక్కనుంచే నడుస్తూ, ‘కంచె కత్తిరించబడలేదు’ అని మూడుసార్లు కంప్లయింటు కూడా రాశాను. ఆకు కోయరాదని రూలుందో లేదో చూసుకోకుండా కొంగు నిండా దూశాను. మిక్సీలో రుబ్బి సహస్ర చేతులకి చందమామలు పెట్టి, నా వేళ్ళకి టోపీలు పెట్టుకున్నాను. “ఇది కోన్ కాదా?” అని వాసన చూసి ముక్కు ముడిచింది గానీ, చేతులు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు నాలుగున్నరకి లేపాను. “బేటా, లే. అన్నం తిందాం.”

“మమ్మీ, తబియత్ ఠీక్ హై?” అంది కళ్ళు మూసుకునే, నాకు ఒంట్లో బాగాలేదేమోనని.

మా అక్క పంపిన గోంగూర పచ్చడి, వేడన్నం, పెరుగు. అది నిద్రలోనే రెండుసార్లు వడ్డించుకుంది. స్టీలు పళ్ళెం, గరిటె పట్టుకుని పార్కుకి నడిచాం. ఇంకా చీకటి విడలేదు. ఉయ్యాల దగ్గరికొచ్చాక మాత్రం నా కాళ్ళు ముందుకి సాగలేదు. నలభై నాలుగేళ్ళు, డెబ్భై రెండు కిలోలు, పక్కనే నా బోర్డు.

“నువ్వు ఎక్కుతావా? నిజంగా?” అంది సహస్ర. నిద్రంతా వదిలిపోయింది దానికి.

“అట్లతద్దినాడు ఊగకపోతే దోషమే. పట్టుకో గొలుసు.”

పిల్లల కొలతకి చేసిన పలక మీద ఎలాగో ఇరుక్కున్నాను. సహస్ర వెనకనుంచి తోసింది. మొదటి ఊపుకి భయపడ్డాను, రెండోదానికి చెప్పు ఎగిరి పొదలో పడింది. మూడో ఊపుకి కడుపులో ఆ పాత గిలిగింత, ముప్ఫై ఏళ్ళ కిందట వదిలిపెట్టినది, అలాగే లేచింది. గట్టిగా కేక పెట్టాను. ఆ వెంటనే నవ్వు మొదలైంది. ఆపుకుందామన్నా ఆగలేదు. సహస్ర పళ్ళెం అందుకుని బాదుతుంటే గొంతెత్తి అరిచాను. “లేవండర్రా, లేవండి! అట్లతద్ది వచ్చింది!”

బి-బ్లాకులో దీపాలు వెలిగాయి. రెండో అంతస్తు బాల్కనీలోంచి మిసెస్ భల్లా వంగి చూసి, ఆ వెలుతురులో నా ఎర్రటి వేళ్ళు చూసి, మొగుళ్ళ కోసం వాళ్ళుండే ఉపవాసం నేను ఒకరోజు ముందే పట్టాననుకుని కంగారు పడింది. “ఇంద్రాణీజీ! కర్వా చౌథ్ ఆజ్ నహీ, కల్ హై!”

“మాది ఈరోజే, ఆంటీజీ! మొగుళ్ళకంటే ముందు మాకు ఉయ్యాల!” అని హిందీలో అరిచి చెప్పాను.

అప్పుడే టార్చి వెలుగు ముఖం మీద పడింది. కాలనీ సంఘం అధ్యక్షులు సదాశివరావు గారు. రైల్వేలో పెద్ద ఆఫీసరు. భార్య ఉమ గారితో ఉదయం నడకకి వచ్చారు. వెలుతురు నా మీదనుంచి మెల్లిగా బోర్డు మీదికి పోయింది. ఆయన అక్షరం అక్షరం పైకి చదివారు. చివర్న ‘కార్యదర్శి’ అనే మాటని ఇంకాస్త నిదానంగా చదివారు.

“ఏవిటమ్మా ఇది?” అన్నారు.

సహస్ర చేతిలో గరిటె ఆగిపోయింది. ఇక అమ్మ దిగిపోతుందని దాని ముఖంలో కనిపించింది. దిగితే ఇదంతా దాని ముందు నేను వేసిన వేషంలా మిగిలిపోతుంది. గొలుసు ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

“రిలాక్సేషన్ ఆఫ్ రూల్స్, సర్. కార్యదర్శికి పవర్సున్నాయి.”

“ఫైల్లో పుటప్ చేశారా?”

“ఊగడం అయ్యాక పోస్ట్ ఫ్యాక్టో అప్రూవల్ తీసుకుంటాను, సర్.”

ఆయన ఇంకేదో అనబోయారు. ఈలోగా ఉమ గారు తన శాలువా తీసి ఆయన భుజాన వేసి, చెప్పులు విప్పి ఆయన కాళ్ళ దగ్గర పెట్టారు. “అట్లతద్దా ఇవాళ! చెప్పరేవిటండీ ఎవరూ! దిగమ్మా ఇంద్రాణీ, పెద్దదాన్ని, ముందు నా వంతు. ఏవండీ, ఆ టార్చి అక్కడ పెట్టి కాస్త తోద్దురూ.”

సదాశివరావు గారు ఒకసారి బోర్డునీ ఒకసారి భార్యనీ చూశారు. పాతికేళ్ళ సర్వీసులో ఆయనకి ఏ ఆర్డరు ముందు పాటించాలో తెలుసు. టార్చి కింద పెట్టి తోశారు.

ఆ రోజు ఆఫీసులో ఆకలీ నిద్రా రెండూ కలిసి కుమ్మేశాయి. ఫైలు మీద ఎర్ర వేళ్ళు చూసి మా సెక్షన్ వాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. మధ్యాహ్నం ఒక చిత్తుకాగితం మీద కొత్త బోర్డుకి మాటలు రాశాను. ‘ఉయ్యాల అందరిదీ. ఒకసారికి ఒక్కరే ఎక్కవలెను. వంతు పాటించవలెను.’ గొలుసు సంగతి మర్చిపోయేంత మారలేదు నేను.

సాయంత్రం బస్సు దిగి కంచె దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ నా గొంతే. “కౌన్ హై ఉధర్?” కాళ్ళు ఆగిపోయాయి. పొద్దున్న జరిగిందేదీ దీనికి పట్టనే లేదా అనుకుంటూ సందులోంచి చూశాను.

సహస్ర అదే బ్యాగుతో, అదే మెడతో వస్తోంది. ఈసారి పిల్లలెవరూ పారిపోవడం లేదు. అది రెండడుగులు వేసి, వాచీ చూసుకుని, బ్యాగుని గాల్లోకి విసిరేసింది. చెప్పులు తన్నేసి ఉయ్యాల మీదికి ఎగిరి దూకింది. “లేవండర్రా, లేవండి!” అని తెలుగులోనే అరిచింది. ఆ పంజాబీ పిల్లలూ బెంగాలీ పిల్లలూ నోరు తిరగని ఆ మాటల్నే అందుకుని అరిచారు.

కంచె దాటి లోపలికి వెళ్ళాను. నన్ను చూడగానే అరుపులు టక్కున ఆగిపోయాయి. సహస్ర ఉయ్యాల మీదే బిగుసుకుపోయింది. అందరూ నా నోటివైపే చూస్తున్నారు.

కళ్ళజోడు ముక్కు మీదికి జార్చాను. “కౌన్ హై ఉధర్?” అని గద్దించాను. “నా వంతెప్పుడు?”

సహస్ర మెడ ముందుకి చాచి, లేని వాచీ చూసుకుని, అచ్చం నాలాగే వేలు చూపించింది.

“లైన్లో నిలబడండి, ఆంటీ! వంతు పాటించాలి!”

పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు లేవు. చందమామ రావడానికి ఇంకా గంట పైనే ఉంది. బ్యాగు బెంచీ మీద పెట్టి, చెప్పులు విప్పి, వెళ్ళి చివర నిలబడ్డాను. నా ముందు తొమ్మిదిమంది ఉన్నారు.