కడగని గడప

మా తిర్సా పట్టణంలో హత్యకు పగ తీర్చుకోవలసింది చచ్చినవాడి దగ్గరి బంధువైన మగవాడు. ఆ సంగతి జిమ్రీకి బాగా తెలుసు. అందుకే తప్పతాగి పడివున్న ఏలా రాజును నరికి సింహాసనం ఎక్కగానే, ఆ రాజు బంధువుల ఇళ్ళలోనూ స్నేహితుల ఇళ్ళలోనూ మగపురుగన్నది లేకుండా చంపించాడు. ఇక తనను నిలదీసేవాడు లేడని గుండెమీద చెయ్యేసుకుని పడుకున్నాడు. ఆడవాళ్ళను వదిలేశాడు. దయతో కాదు, మేము వాడి కంటికి ఆనలేదు.

నా భర్త అసరేలు ఏలా రాజుకు చిన్ననాటి స్నేహితుడు, ఆయన గుర్రాలు చూసేవాడు. జిమ్రీ అప్పట్లో రథాలకు అధిపతి. వేళకాని వేళ మా ఇంటికొచ్చి, నేను కాల్చిన రొట్టె ఒలీవ నూనెలో ముంచుకుని, నన్ను నోరారా అక్కా అని పిలుస్తూ తినేవాడు. ఆ నోటితోనే మా వాకిట్లో నిలబడి భటులకు సైగ చేసి, కానివ్వండి అన్నాడు. నా భర్తనూ, గడ్డమైనా సరిగా రాని నా ఇద్దరు కొడుకులనూ మా గడపమీదే నరికారు.

"నీతో నాకే గొడవా లేదు హొగ్లక్కా. లోపలికి పో," అన్నాడు వెళ్తూ వెళ్తూ.

"నాకుందిరా నీతో!"

వాడు నవ్వాడు. నాకు ఆ నవ్వే ఎక్కువ మండింది. గడపమీది రక్తాన్ని కడగలేదు. వాడు చచ్చాకే కడుగుతానని ఒట్టు పెట్టుకున్నాను.

వారం తిరక్కుండానే కబురొచ్చింది. ఫిలిష్తీయులమీదికి పోయిన సైన్యం తన సేనాపతి ఒమ్రీని రాజును చేసుకుని మా ఊరిమీదికి వస్తోందట. జిమ్రీ హడలిపోయాడు. కోటలోని నీళ్ళ గోలేలన్నీ వెంటనే నింపాలని ఊళ్ళో ఆడవాళ్ళందరికీ చాటింపు వేయించాడు.

"వాడి గొంతు తడపడానికి నేను మొయ్యాలా? నా వల్ల కాదు," అంది ఊట దగ్గర నయరా. దాని ఇంట్లోనూ మగదిక్కు లేకుండా చేశాడు వాడు.

"మోద్దామే. ఖాళీ కడవలు మోద్దాం."

"కావలివాళ్ళు చూడరూ?"

"కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ మోస్తున్నావు కదా! ఏ మగాడైనా ఒక్కసారి నీ కడవలోకి తొంగిచూశాడా?"

ఏడుస్తున్నదల్లా ఫక్కున నవ్వింది.

"మీ అత్తను నెత్తిన కూర్చోబెట్టుకున్నట్టు నడువు, చాలు," అన్నాను.

మాట ఆడవాళ్ళందరికీ పాకింది. అందరూ నీళ్ళు తాగే, వరసలో మొదటి గోలేన్ని మాత్రం నింపాం. వెనకవాటిలో ఖాళీ కడవలు వంచి మూతలు పెట్టాం. మెడలు బిగించి, ఆయాసపడుతూ ఎక్కుతుంటే ఒక కావలివాడు జాలిపడి పక్కకు తప్పుకున్నాడు కూడా.

ఒమ్రీ సైన్యం ఊరి ద్వారం పగలగొట్టింది. జిమ్రీ కోటలో దూరి, శత్రువు చేతికి చిక్కడం ఇష్టంలేక తన చేత్తోనే కోటకు నిప్పు పెట్టుకున్నాడు. దేవదారు దూలాలు భగ్గున అంటుకున్నాయి. తీరా సెగ తగిలాక ప్రాణం తీపనిపించింది.

"ఆర్పండిరా! గోలేలు తెరవండి!" అని వాడి అరుపులు. మూతలు కిందపడుతున్న చప్పుడు. "ఇదీ ఖాళీయే!" అని ఎవరో బావురుమన్నారు.

కోట కిటికీ కింద నేను నిలబడి ఉన్నాను. ఈసారి నా నెత్తిమీద నిండు కడవ ఉంది. వాడు చూశాడు.

"హొగ్లక్కా! నీ కాళ్ళు పట్టుకుంటా, ఆ నీళ్ళిటు..."

"ఇవి వేరే పనికి తెచ్చుకున్నాను తమ్ముడూ," అన్నాను.

కప్పు కూలేదాకా అక్కడే ఉండి కళ్ళారా చూశాను. హాయిగా అనిపించింది, అబద్ధమెందుకు?

ఇంటికొచ్చి గడపమీద నీళ్ళు పోసి రుద్దాను. పైన ఎండినదంతా పోయింది. రాతిలోకి ఇంకినది పోలేదు. గోళ్ళు అరిగేలా గీకాను. కడవ అడుగంటింది.

మళ్ళీ ఊటకు బయల్దేరాను.