చెవులు నాటే ఆట

భర్త కొత్త చొక్కా ఇస్త్రీ చేస్తూ వెనక్కి తిప్పేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. వీపు మీద పచ్చటి అక్షరాలు: ‘చెవులు నాటుదాం’. కింద ఆయన పనిచేసే బడి పేరు. ఆ కింద ‘రూపకల్పన’ అని వేసి, పక్కనే ఆయన పేరు.

ఆ మాట పుట్టిన రోజు ఆమెకింకా గుర్తే. వాగు ఒడ్డున కూతురి చేత గింజలు నాటిస్తుంటే ఆ పిల్ల నేలకి చెంప ఆనించి, "అమ్మా, చెవి కూడా నాటనా?" అంది. ఒక్కచోట నిలవదని అందరూ ఉడత అని పిలిచే పిల్ల, ఆ రోజు చెట్టు మొదట్లో చెవి పెట్టి ఎంతసేపు పడుకుందో! తర్వాతి ఆదివారం పక్కింటి పిల్లలూ వచ్చారు. వాళ్ళ వెనక అమ్మలు, పోనుపోను నాన్నలు కూడా, ఫోన్లు జేబుల్లో వేసుకుని, ప్యాంట్లు మోకాళ్ళ దాకా మడుచుకుని. ఆటకి ఒకే నియమం పెట్టింది ఆమె: ఏం విన్నావని ఎవరూ ఎవరినీ అడగకూడదు. ఏం నేర్చుకున్నావు, ఎన్ని మార్కులొచ్చాయి అని పిల్లల్ని వారమంతా అడుగుతూనే ఉంటారు. ఈ ఒక్క పూటా విన్నది విన్నవాళ్ళదే.

ఇంట్లో మాత్రం అది పనీపాటా లేని వ్యవహారం. "పిల్లల్ని మట్టిలో పొర్లించడం కూడా ఒక విద్యేనా?" అని భర్త నవ్వేవాడు. ఆయన సైన్సు మాస్టారు మరి, విద్యంటే ఏమిటో ఆయనకు తెలియదూ! "ఆ బురద బట్టలు మాత్రం నువ్వే ఉతుక్కో తల్లీ" అనేది అత్తగారు, మిగతా బట్టలు ఇంకెవరో ఉతుకుతున్నట్టు. అయినా భోజనాల దగ్గర ఆమె నోరు ఊరుకునేది కాదు. ఫలానా పిల్లాడు వానపాముకి భయపడటం మానేశాడనీ, వాన మొదలైతే ఇంకో ఆట ఆడిస్తాననీ చెబుతూనే ఉండేది. ఆయన పళ్ళెంలోంచి తలెత్తేవాడు కాదు. ఈయనకి చెప్పినా ఒకటే, గోడకి చెప్పినా ఒకటే అనుకునేది. గోడలకి చెవులుంటాయన్న సంగతి మరిచిపోయింది.

"ఇదేంటండీ?" అంది చొక్కా ఎత్తి పట్టుకుని.

"చూశావా? మా హెడ్మిస్ట్రెస్‌కి తెగ నచ్చేసింది. ఇక ప్రతి ఆదివారం బడి తరఫునే. నడిపించేది నేను."

"ఇది నా ఆట."

"మన మధ్య నీదీ నాదీ ఏంటి? అయినా నువ్వు టీచరువి కాదుగా, నీ పేరేస్తే ఎవరొస్తారు? నువ్వూ రావాలి సుమా. పిల్లల కాళ్ళు కడగటం, తినడానికివ్వటం నీకన్నా బాగా ఎవరు చేస్తారు!"

పేరు లేకుండానే ఇన్నాళ్ళూ వచ్చారుగా అనబోయింది. ఈలోగా లోపల్నుంచి అత్తగారు, "నా కొడుకు బుర్రే బుర్ర" అంది. అంటే ఆవిడకీ తెలుసు. ఆమె కూతురి కోసం చూసింది. ఉడత తలుపు చాటున గోళ్ళు కొరుక్కుంటోంది.

"నాన్న చెప్పొద్దన్నాడమ్మా. సర్‌ప్రైజ్ అన్నాడు."

దొంగతనం చేసినందుకు ఆమెకు కోపం వచ్చింది. కానీ దానికి తన బిడ్డనే కాపలా పెట్టినందుకు ఏడుపొచ్చింది. ఆ మాట పుట్టిందే ఆ పిల్ల నోట్లోంచి. ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసింది. చొక్కాకి ఒక చెయ్యి ముడతలతోనే మిగిలిపోయింది.

ఆదివారం ఆ ముడతల చేత్తోనే ఆయన వాగు ఒడ్డున మైకు పట్టుకున్నాడు. "చెవులు నాటండి!" అన్నాడు. పిల్లలు బుద్ధిగా బోర్లా పడుకున్నారు. వాళ్ళు పడుకున్నాక కూడా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు, చెట్ల వేళ్ళ గురించీ, శబ్దతరంగాల గురించీ. తర్వాత మైకు ఒక్కొక్కరి నోటి దగ్గర పెట్టి, "ఏం వినిపించింది? గట్టిగా చెప్పాలి!" అన్నాడు. మొదటి పిల్లాడు బిక్కమొహం వేశాడు. రెండో పిల్ల "ఏనుగు" అంది. పెద్దలు చప్పట్లు కొట్టారు. మూడోవాడు "రెండు ఏనుగులు" అన్నాడు. ఉడత వంతు వచ్చింది.

"మైకే వినిపించింది నాన్నా."

అందరూ నవ్వారు. అర్థం కాకపోయినా ఆయన కూడా నవ్వాడు. తల్లి నవ్వలేదు. వంగి ఎవరి పిల్లాడివో కాళ్ళు కడుగుతోంది.

"అక్కా, నువ్వు చెప్పవా ఇక?" పక్కింటి కుట్టుపనావిడ వచ్చి చెంబు అందుకుంది. "మావాడు నువ్వు లేకపోతే రానంటున్నాడు. వచ్చే వారం కూడా ఇక్కడికేనా?"

"అవతలి ఒడ్డుకి రండి" అంది ఆమె. ఆ మాట నోట్లోంచి వచ్చేదాకా తనకీ తెలియదు.

సాయంత్రం బురద బట్టలు విడదీస్తుంటే భర్త తీరిగ్గా వచ్చి నిలబడ్డాడు.

"బాగానే జరిగింది. వచ్చే వారానికి ఏం చేయిద్దాం? వానలో ఆడించేదేదో ఉందన్నావుగా, అది చెప్పు."

ఆ ఆట ఆమె నాలుక చివరే ఉంది. చెప్పడం ఎంత అలవాటైపోయిందంటే నోరు సగం తెరుచుకుంది కూడా. మూసుకుంది. కుప్పలోంచి ఆయన చొక్కా ఒక్కటీ ఏరి ఆయన చేతుల్లో పెట్టింది.

"చెవులు నాటారుగా" అంది. "మొలిచేదాకా ఆగండి."