మొక్కలను అనుమానించిన అద్దం

నేను ఒక భూతద్దాన్ని. ఇత్తడి చట్రం, మడిచే పిడి. నన్ను కొన్నవాళ్లెవరూ ఎదుటివాడిని నమ్మి కొనలేదు. నా వృత్తే అనుమానం.

నా మొదటి యజమాని నర్సీపట్నంలో బంగారం కొట్టు నడిపేవాడు. చుట్టాల నగలను కూడా నా కింద పెట్టి చూశాకే కుశలమడిగేవాడు. ఆయన దగ్గర నేర్చింది ఒకటే: మరీ మెరిసేదాన్ని రెండోసారి చూడాలి.

ఆ కొట్టు మూతపడ్డాక నారు వ్యాపారి ఆడారి కనకరాజు చేతికి వచ్చాను. ఆయన లంబసింగి దగ్గర వలపందిరి వేసి, విదేశం నుంచి స్ట్రాబెరీ తల్లిమొక్కలు తెప్పించాడు. బయటి శిలీంధ్ర తెగుళ్లు ఇక్కడి మడులకు అంటకూడదు కదా, అందుకని అనుమతి పత్రంలో రాసిన గడువు తీరేదాకా ఆ మొక్కలు పందిరి దాటకూడదు. క్వారంటైన్ అధికారి హైమవతి వచ్చి చూసి సరేనంటేనే అమ్మకం.

కనకరాజు రోజూ పొద్దున్నే నాతో ఆకు ఆకూ వెతికేవాడు. నల్ల మచ్చ కనబడితే ఆ ఆకు గిల్లి జేబులో వేసుకునేవాడు. మచ్చ పోతే తెగులు పోయినట్టేనని ఆయన నమ్మకం. దేన్నీ నమ్మని మనిషి నమ్మిన సంగతి అదొక్కటే.

ఆ వెంటనే, కడగని చేతులతో, గట్టు దాటి గెమ్మెలి సోములమ్మ మడిలోకి దిగేవాడు. ఆమెది అరెకరం. సొంత తీగలనే నాటుకుంటూ ఏటేటా పెంచుకున్న స్ట్రాబెరీ. అది పోతే ఆమెకు ఇంకో పంట లేదు. తన మొక్కలకు రోగం ఆ మడి నుంచే వస్తుందని కనకరాజుకు గట్టి అనుమానం. వానకు తడిసిన ఆకులను తిప్పి, నన్ను ఆనించి మరీ చూసేవాడు.

ఆగస్టు చివర సోములమ్మ మడిలో గట్టు పక్క నాలుగు వరుసలు వాడిపోయాయి. మడి మొత్తం పీకించమని కనకరాజు ఫిర్యాదు రాశాడు.

హైమవతి వచ్చింది. ముందు పందిరిలోకి వెళ్లింది. "వానాకాలంలో ఒక్క మచ్చ కూడా లేదా?" అంది. ఇక ఆకుల జోలికి పోలేదు. ఒక మొక్కను పీకి, మొదలును నిలువునా కోసింది. లోపల ఎర్రటి చారలు. సోములమ్మ మడిలో వాడిపోయిన మొక్కను కోస్తే అందులోనూ అవే.

"నే చెప్పలేదా మేడం? ఈవిడ మడిలోదే," అన్నాడు కనకరాజు.

సోములమ్మ కొంగు దోపుకుంది. "నానెప్పుడూ ఆ వల లోనికి ఎల్లలేదమ్మా. ఈ బాబే దినం దినం వొచ్చి నా ఆకులు పట్టుకుని సూస్తాడు. ఈయన అడుగులెక్కడ పడ్డాయో మొక్కలక్కడే వాడినాయి. బురదలో ఉన్నాయి, సూసుకోండి."

హైమవతి చూసింది. నాలుగు వరుసల పొడుగునా ఆయన చెప్పుల గుర్తులే. కనకరాజు జేబు తిప్పించింది. మచ్చల ఆకులు రాలాయి. తర్వాత నా వైపు చెయ్యి చాచింది. నా చట్రం సందులో ఎండిన ఆకు తుక్కు ఉంది. నన్ను కవరులో వేసి సీలు వేసింది. అందులోనూ అదే తెగులుందని పరీక్షలో తేలింది.

పందిరిలో మొక్కలన్నీ తగలబెట్టారు. సోములమ్మవి వాడిన నాలుగూ, వాటి పక్క రెండూ కలిపి ఆరు వరుసలు పోయాయి. మిగతావాటిని చలికాలం దాకా నిఘాలో ఉంచి వదిలేశారు. అవి కాసాయట.

నా కింద పట్టుబడిన దొంగసరుకంతా నాకు గుర్తుంది. నేను మోసుకెళ్లినదాన్నే ఏనాడూ లెక్కలోకి తీసుకోలేదు.

ఇప్పుడు క్వారంటైన్ ఆఫీసు సొరుగులో ఉంటున్నాను. నన్ను బయటికి తీసే ప్రతివాళ్లూ ముందు స్పిరిట్‌తో తుడుస్తారు. నాకేం కోపం లేదు. వాళ్ల స్థానంలో ఉంటే నేనైతే రెండుసార్లు తుడుస్తాను.