దేముడమ్మ పేనిన తాడు

తెల్లారితే దేముడమ్మకి కొబ్బరి పీచుతోనే పని. గుల్లలపేట ఆడవాళ్లంతా పాకల ముందు చేపలు ఎండేసుకుంటుంటే, ఆమె గుమ్మంలో కాళ్లు చాపుకుని తాడు పేనుతూ ఉండేది. ఆ తాడు ఎంత దూరం పోయినా పేనిన గుమ్మానికే తిరిగొస్తుంది, దేనికి కట్టారో దాన్ని ఈడ్చుకుని మరీ. ఎవరి బాల్చీ నూతిలో పడినా మర్నాడు ఆమె గుమ్మంలో తడితడిగా ఉండేది. సంతలో తప్పిపోయిన మేక వారానికి బక్కచిక్కి వచ్చింది. గాలివానలో చిక్కిన తెప్పలు ఆమె పాక ఎదుటి ఒడ్డుకే చేరేవి. పీచు గుచ్చుకుంటోందని సణిగేవాళ్లే తప్ప, ఆ తాళ్ల గురించి ఇంకోమాట ఎవరూ అనలేదు.

అరవై ఎనిమిదిలో కాబోలు, వాల్తేరు నుంచి యూనివర్సిటీ కుర్రాళ్లు నలుగురొచ్చి ఎలిమెంటరీ బడిలో దిగారు. పదిరోజులు పిల్లల చేత కొత్త వస్తువులు కనిపెట్టించి, ఆఖరిరోజున పెద్దవాళ్లకి చూపిస్తారట. వాళ్లలో జగన్నాధానిది ఇంజనీరింగు చదువు. పాతపట్నం దగ్గర వరిచేల మధ్య పెరిగినవాడు.

"మీ ఇంట్లో ఏ పని చూస్తే మీకు బాధేస్తుందో చెప్పండి. ఆ బాధ పోయేది మనం చేద్దాం" అన్నాడు పిల్లలతో.

"మా అయ్య గురకండి!" అన్నాడొకడు. బడంతా నవ్వింది.

దేముడమ్మ మనవరాలు నీలవేణి మాత్రం నవ్వలేదు. తల్లి లేని పిల్ల. "మా నాన రోజూ తెప్ప కడతాడు, ఇప్పుతాడు. సేతులు సీరుకుపోతన్నాయి" అంది.

వేటకి పోయేముందు దుంగల్ని తాళ్లతో బిగించడం, రాగానే విప్పి ఇసకలో ఆరబెట్టడం అక్కడి మగవాళ్లకి రోజూ ఉండే పనే. జగన్నాధం కళ్లు మెరిశాయి. "అసలు విప్పడమెందుకు? మేకులు కొట్టేద్దాం!"

పిల్లలు బెండుతో చిన్న తెప్ప చేసి తొట్టిలో వదిలారు. ఎంచక్కా తేలింది. శ్రీకాకుళం నుంచి జానెడేసి మేకులు తెప్పించి, నీలవేణి నాన్న తెప్పకే కొట్టారు. ఆఖరిరోజున దాన్ని సముద్రం మీదికి తీసుకెళ్లేదీ అతనే.

దేముడమ్మ కొడుకుని నిలదీసింది. "తాడు లేని తెప్పేటిరా నూకయ్యా? ఎలగొస్తావు?"

"నాకు దారి తెల్దేటమ్మా?"

"నీకు తెలుసు. సముద్రానికి తెల్దు."

"ఒక్కరోజే కదే. గుంట ముచ్చటపడతంది."

"పోనీ, ఈ తాడుముక్కైనా నడుముకి కట్టుకో."

పక్కనున్న జగన్నాధం మెత్తగా నవ్వాడు. "వద్దు మామ్మా. తాడు కనిపిస్తే, మేకుల మీద మాకే నమ్మకం లేదనుకుంటారు."

నూకయ్య కూతురి మొహం చూసి, ఆ ముక్క కింద పెట్టేశాడు. చదువుకున్న బాబు చెబుతున్నాడు కదా అని దేముడమ్మా ఊరుకుంది.

పదోరోజు పొద్దున్న అందరూ ఒడ్డుకి చేరారు. మేకుల తెప్ప మొదటి కెరటం దాటింది. చప్పట్లు. రెండోదీ దాటింది. తాళ్ల తెప్ప అయితే కెరటంతోపాటు వంగి లేస్తుంది. ఇది వంగలేదు. మూడో కెరటానికి మేకు దిగినచోటల్లా దుంగలు చీలిపోయాయి.

సాయంత్రందాకా వెతికితే మేకులతో సహా మూడు దుంగలు దొరికాయి. నూకయ్య దొరకలేదు.

దేముడమ్మ మూడురోజులు ఒడ్డున కూర్చుని పేనిన తాడు పేనినట్టే సముద్రంలోకి విసిరింది. అన్నీ వట్టివే తిరిగొచ్చాయి. కట్టినదాన్ని తెస్తాయి గాని, కట్టనిదాన్ని ఎక్కణ్నుంచి తెస్తాయి? నీలవేణి దుంగల దగ్గర కూర్చుని, రాయితో కొట్టి కొట్టి మేకులు ఊడదీసింది.

నాలుగోరోజున కుర్రాళ్లు ప్రయాణమయ్యారు. జగన్నాధం పరుపుచుట్ట చంకన పెట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డాడు.

"నన్ను తిట్టు మామ్మా."

"తిడితే వత్తాడేటి?"

చంకలో చుట్ట విడిపోతోంది. దేముడమ్మ చేతిలో ఉన్న తాడుతోనే దాన్ని బిగించి కట్టింది. జాలేసి కట్టిందో, కడుపుమంటతో కట్టిందో ఆమెకే తెలియదు.

"పో బాబూ. బస్సెల్లిపోతాది."

పొద్దువాలేవేళ ఇసకలో తాడు ఈడ్చుకొస్తున్న చప్పుడైంది. దేముడమ్మ చేతిలో పీచు వదిలేసి లేచింది. "నానా!" అని నీలవేణి పరిగెత్తింది.

జగన్నాధం. కాళ్లు బొబ్బలెక్కాయి. "అరసవల్లి దగ్గర చుట్ట బస్సు దిగిపోయింది మామ్మా. నేనూ దిగాను" అన్నాడు.

నీలవేణి వెనక్కి తిరిగి లోపలికి పోయింది.

దేముడమ్మ అంది, "ముడి ఇప్పుకుంటే పోవచ్చు. ఎవులూ పట్టుకోరు."

సోమవారం నుంచి అతనికి పరీక్షలు. ముడి వంక చూశాడు. పరుపుని ముడితోనే గుమ్మం పక్కన పెట్టి, పీచుకుప్ప ముందు కూర్చున్నాడు.

దేముడమ్మ పోయాక గుల్లలపేట తెప్పలకి అతని తాళ్లే. గట్టివే గాని, మామూలు తాళ్లు. వాటంతటవి రావు. అందుకని తెప్పలొచ్చేవేళకి అతను ఒడ్డున నిలబడేవాడు. అందరూ వచ్చేసినా, ఇంకా ఒకరు రావాలన్నట్టు కాసేపు అలాగే ఉండేవాడు. నీలవేణి వచ్చి, ఏ వరసా పెట్టి పిలవకుండా, "గంజి సల్లారిపోతంది" అనేసి వెళ్లిపోయేది.