ఆయిల్ తినే ఇంజన్

పాల్వంచ దాటి భద్రాచలం రోడ్డెక్కితే ఎడమచేతి పక్కన వరసగా లారీ షెడ్లు కనిపిస్తాయి. వాటిలో ఇద్రీస్ షెడ్డు ఏదని ఎవరినీ అడగనక్కర్లేదు. బొగ్గు లారీలూ జామాయిల్ కర్ర లారీలూ ఎక్కడ ఎక్కువ ఆగి ఉంటే అదే. ఆయన చేత సిలిండర్ల బోరు పని చేయించుకున్న ఇంజన్ ఆయిల్ తినదని, అంటే ఆయిల్ కాల్చి నీలం పొగ కక్కదని, ఆ దారిన తిరిగే డ్రైవర్లంతా ఒట్టేసి చెబుతారు. బండి అప్పజెప్పే రోజున ఆయనకొక రివాజుంది. ఇంజన్ స్టార్ట్ చేయించి, ఉతికిన తెల్లగుడ్డ ఒకటి సైలెన్సర్ గొట్టానికి అడ్డం పట్టి, కాసేపుంచి, చుట్టూ ఉన్నవాళ్లకు తిప్పి చూపిస్తాడు. మసి పడితే పడనీ, ఆయిల్ మరక మాత్రం పడకూడదు. పడిందా, ఆ బండి గేటు దాటదు. మళ్లీ విప్పడమే.

ఆయన కూతురు షాహీన్ డిప్లొమా చదివి, కోయంబత్తూరులో రేసు కార్లు బాగుచేసే గ్యారేజీలో మూడేళ్లు పనిచేసి, నిరుడు తిరిగొచ్చింది. ఇంట్లో ఉర్దూ, షెడ్డులో తెలుగు. ఇంట్లో ఆయన అబ్బా, షెడ్డులో అందరికీ లాగే ఆమెకూ ఉస్తాద్. షెడ్ల లైన్లో వాళ్లు మాత్రం ఆమెను ఏమని పిలవాలో తోచక ‘ఉస్తాద్ బిడ్డ’ అంటున్నారు. ఆ మాటతో ఆమెకు పేచీ లేదు గానీ, ఎన్నాళ్లని?

అలాంటి రోజుల్లో ఖమ్మంలో గ్రానైట్ వ్యాపారం చేసే శ్రీధర్ ఒక పాత జపాన్ కారును లారీ మీద ఎక్కించుకొచ్చాడు. ట్రాక్ మీద కారు తోలడం ఆయనకు పిచ్చి. షాహీన్ పనితనం కోయంబత్తూరులోనే చూశాడు. కారులో ఉన్నది రోటరీ ఇంజన్. హైదరాబాదులో ఇద్దరు ముగ్గురు మెకానిక్కులు బానెట్ ఎత్తి చూసి, దణ్ణం పెట్టి దించేశారట. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఆ ఇంజన్లో పిస్టన్లుండవు, వాల్వులుండవు. సమోసాలాగా మూడు మూలలున్న రోటర్లు రెండు, ఒక్కోదాని చుట్టూ హౌసింగ్ అనే ఒక లోహపు గూడు. రోటర్ లోపల గిరగిరా తిరుగుతుంటే, దాని ప్రతి మూలనా ఉండే సన్నటి పట్టీ హౌసింగ్ గోడను రాసుకుంటూ పోతుంది. ఆ పట్టీనే సీలు అంటారు. అంతే ఇంజన్. చెప్పడానికి తేలికే.

విప్పి చూస్తే సీళ్లు అరిగిపోయి ఉన్నాయి. గోడలు మాత్రం నున్నగా ఉన్నాయి. అదే అదృష్టం, అదే భయం. సీళ్లు, స్ప్రింగులు, రబ్బర్లు తెప్పించుకోవచ్చు. ఆ మోడల్ హౌసింగులు మాత్రం శ్రీధర్ ఎంత వెతికినా దొరకలేదు. గోడ మీద గీత పడితే ఇంజన్ ఇక తూకానికే. దాంతోపాటు షాహీన్ పేరు కూడా. సొంత బాధ్యత మీద ఆమె మొదలుపెట్టిన మొట్టమొదటి ఇంజన్ అది.

“సీళ్లు గట్టివే వెయ్యి షాహీన్. ట్రాక్ మీద నేను ఆగేది లేదు. మెత్తవి నిలుస్తయా?” అన్నాడు శ్రీధర్.

షాహీన్ అరిగిన సీలు ఒకటి తీసుకుని వేలితో అంచు తడిమింది. గట్టి సీళ్లు ఎక్కువ కాలం వస్తాయి, నిజమే. కానీ అవి తాము అరగకుండా గోడను అరగదీస్తాయి. విరిగితే ముక్క గోడను చీరేస్తుంది. మెత్తవి తొందరగా అయిపోతాయి, మళ్లీ ఇంజన్ విప్పుకోవాలి. రెండు ఇనుములు రాసుకునే చోట ఏదో ఒకటి అరగక తప్పదు కదా! అరిగేదేదో ముందే ఎంచుకోవడమే మేస్త్రీ పని అని ఆమెకు తోచింది. మళ్లీ దొరకనిదాన్ని కాపాడుకుని దొరికేదాన్ని పోగొట్టుకోవాలి.

“మెత్తవే సార్. సీలు పోతే నేనున్న. గోడ పోతే ఎవరున్నరు?” అంది.

శ్రీధర్ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. టీ మీద టీ తాగుతూ వాదించాడు. చివరికి “నీ ఇష్టం. ఏమన్నా అయితే బాధ్యత నీదే” అని చేతులు దులుపుకుని వెళ్లాడు.

ఎంచుకోవాల్సింది ఇంకొకటుంది. సీళ్లు పొడిగా తిరిగితే బతకవు. అందుకని ఒక చిన్న పంపు ఇంజన్ ఆయిల్‌నే బొట్టు బొట్టుగా గోడ మీదికి వదులుతుంది. అది సీళ్లను తడిపి, పెట్రోలుతోపాటు కాలిపోతుంది. ట్రాక్ వాళ్లు కొందరు ఆ పంపు తీసేసి, పాత స్కూటర్లకు కలిపినట్టు పెట్రోల్లోనే ఆయిల్ కలుపుకుంటారు. శ్రీధర్ మతిమరుపు తెలిసిన షాహీన్ పంపునే ఉంచాలనుకుంది. ఆ మాట తండ్రికి చెబుతుంటే స్పానర్లు తుడుస్తున్న ఇద్రీస్ చెయ్యి ఆగిపోయింది.

“అంటే ఈ ఇంజన్ ఆయిల్ తింటదా?”

“తినాలె ఉస్తాద్. దాని పద్ధతే గది.”

“కొత్త సీళ్లు వేసినంక గూడ?”

“వేసిన రోజు నుంచే.”

ఆయన ఇంకేమీ అనలేదు. ఇద్రీస్ ఏమీ అనకపోతేనే కంగారు పడాలని అంత పెద్ద చదువు చదివిన పిల్లకు తెలియకపోవడం చిత్రమే.

ఇంజన్ బిగించాక, సీళ్లు గోడకు అలవాటు పడేదాకా మెల్లగా తోలాలి. తండ్రీ కూతుళ్లు పొద్దున్నే బయల్దేరి సారపాక వంతెన దాకా పోయి వచ్చేవారు. రోడ్డుకు రెండు వైపులా అడవి. ఇప్పపూలు ఏరుకునే ఆడవాళ్లు ఆ వింత చప్పుడుకు తలెత్తి చూసేవారు. ఇద్రీస్ పక్క సీట్లో కళ్లు మూసుకుని వింటూ కూర్చునేవాడు. మధ్యలో ఎప్పుడైనా “బాగుంది” అనేవాడు. ఆ ఒక్క మాటకు ఆమె కడుపు నిండిపోయేది.

కారు అప్పజెప్పే రోజు వచ్చింది. దేవుడి పెళ్లికి ఊరంతా పెద్దలే. లైన్లో పనిచేసేవాళ్లంతా చేతులు తుడుచుకుంటూ వచ్చి చుట్టూ నిలబడ్డారు. పక్క షెడ్డులో రేడియేటర్లు అతికే బొజ్జయ్య అందరికంటే ముందున్నాడు. శ్రీధర్ స్టార్ట్ చేశాడు. ఇద్రీస్ తెల్లగుడ్డ అడ్డం పట్టాడు. మరక పడుతుందని, ఎందుకు పడుతుందో అందరికీ వివరించాలని షాహీన్ మాటలు కూర్చుకుని సిద్ధంగా ఉంది.

గుడ్డ మీద చుక్క లేదు. అంతా చప్పట్లు కొట్టారు.

“ఉస్తాద్ బిడ్డ కాదురా, ఉస్తాదే!” అని అరిచాడు బొజ్జయ్య.

ఆ మాట కోసం ఎంత కాచుకుందో విన్నాకే ఆమెకు తెలిసింది. మరక ఎందుకు పడలేదన్న ప్రశ్న ఆ సంతోషంలో కాసేపు కొట్టుకుపోయింది. అంతలో శ్రీధర్ అద్దం దించి, “ఆయిల్ ఎంత పోసుకోవాలె?” అని అడిగాడు. చూసి చెబుదామని ఆమె ఆయిల్ మట్టం చూసే పుల్ల బయటికి లాగింది. ఆయిల్ మొదటి రోజు పోసిన గీత దగ్గరే ఉంది. అన్ని రోజులు తిరిగినా పిసరంత తగ్గలేదు.

“ఆపండి సార్! ఇంజన్ ఆపండి!”

పంపు నుంచి హౌసింగులకు పోయే ఆయిల్ పైపుల నట్లు విప్పింది. ఒక్కోదాని కింద గుండ్రంగా కత్తిరించిన చిన్న రేకు ముక్క ఉంది. పంపు వదిలిన ఆయిల్ హౌసింగ్‌లోకి పోకుండా అడ్డం వేసిన మూత. రేకును అంత నున్నగా కత్తిరించే చెయ్యి ఆ లైన్లో ఒక్కటే.

“అబ్బా!” షెడ్డు రివాజు ఆమెకు గుర్తే లేదు. “ఇవి నువ్వే పెట్టినవా?”

ఇద్రీస్ గుడ్డను మడతపెడుతూ తల దించుకున్నాడు. “నీ మొదటి ఇంజన్ బిడ్డా. గీ గుడ్డ మీద మరక పడితే అందరి ముంగట నీ పేరు పోతదనుకున్న. నాలుగు రోజులు ఆయిల్ లేకుంటే ఏమైతదిలే, తర్వాత తీసేద్దామనుకున్న.”

ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. తన పేరు కాపాడబోయి తన మాటను నమ్మలేదే అన్నదే ఆమె బాధ. శ్రీధర్ మొహం ఎర్రబడింది కానీ, ఆ ఇద్దరినీ చూసి కోపం దిగమింగుకుని “మొత్తం విప్పండి” అన్నాడు.

విప్పారు. సీళ్ల అంచులు కాలి, గోరు ఆనితే పొడి రాలేలా ఉన్నాయి. షాహీన్ హౌసింగ్ గోడను తుడిచి, కళ్లు మూసుకుని, బొటనవేలి గోటితో చుట్టూ మెల్లగా గీసింది. గీత ఉంటే గోరు తట్టుకుంటుంది. ఇద్రీస్ ఆ గోటినే చూస్తున్నాడు. మొదటి హౌసింగ్ అయింది. రెండోది కూడా అయింది.

“తగల్లే,” అంది. అని అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

శ్రీధర్ కూడా తన గోటితో ఒకసారి గీసి చూసుకున్నాడు. తాను అడిగిన గట్టి సీళ్లే వేసి ఉంటే ఏమయ్యేదో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. “మళ్లీ మెత్తవే తెప్పించు” అని మాత్రం అన్నాడు.

కొత్త సీళ్లు వచ్చాయి. ఈసారి బిగిస్తున్నంతసేపూ ఇద్రీస్, కూతురు అడిగిన స్పానర్ అందించడం తప్ప ఇంకేమీ ముట్టుకోలేదు. మళ్లీ సారపాక దాకా తిరిగారు. మళ్లీ అప్పజెప్పే రోజు వచ్చింది, మళ్లీ లైనంతా పోగైంది. ఇంజన్ మోగింది. సైలెన్సర్ నుంచి సన్నటి నీలం పొగ బయల్దేరింది.

“ఏందిది ఇద్రీస్ భాయ్!” బొజ్జయ్య పకపకా నవ్వాడు. “నీ షెడ్డుల బండి ఆయిల్ తింటున్నది!”

అందరూ ఇద్రీస్ వైపు తిరిగారు. ఆ మాట వినాల్సి వస్తుందనే కదా ఆయన అంత పని చేసింది! షాహీన్ నోరు తెరిచింది గానీ తండ్రే ముందు మాట్లాడాడు.

“అవ్, తింటున్నది. తినకుండ నేనే అడ్డం పెట్టిన. నా వల్లనే మొన్న సీళ్లు కాలినయ్. నాకు గీ ఇంజన్ సంగతి తెల్వది బొజ్జన్నా.”

తర్వాత కూతురి వైపు తిరిగాడు. అంతమంది మధ్యలో, పని నేర్చుకోవడానికి వచ్చినవాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“నువ్వు చెప్పు బిడ్డా. ఎంత తినాలె? ఎంత తింటే మంచిగున్నట్టు, ఎంత తింటే ఖరాబైనట్టు? నాకు నేర్పియ్యి.”

షాహీన్ చెప్పింది. పంపు నుంచి సీలు దాకా మొత్తం చెప్పింది. బొజ్జయ్య నవ్వాపి, సరిగా వినపడక, రెండడుగులు ముందుకొచ్చి నిలబడ్డాడు.